పీవీ ఖాతా అప్పుడే మూసేద్దామా?

2024 మార్చిలో పీవీ నరసింహారావు పేరు ఢిల్లీలో రెండుసార్లు వినిపించింది. 30న రాష్ట్రపతి భవన్‌లో ఆయన కుమారుడు ప్రభాకరరావు తండ్రి తరఫున భారతరత్న అందుకున్నారు. అంతకు ముందు 4న సుప్రీంకోర్టు ఏడుగురు సభ్యుల ధర్మాసనం, న్యాయవాదులు ‘నరసింహారావు కేసు’గా చెప్పుకునే 1998 నాటి తీర్పును కొట్టేసింది. మొదటిది మనకు పండగైంది. రెండోదాన్ని తెలుగునాట పట్టించుకున్నవాళ్లు తక్కువ. నిజానికి పదవి పోయాక పీవీ బతికిన ఎనిమిదేళ్లను అర్థం చేసుకోవడానికి పనికొచ్చేది ఆ రెండోదే.

మనకు కంఠతా వచ్చిన కథ వేరు. 2004 డిసెంబర్ 23న ఎయిమ్స్‌లో ఆయన కన్నుమూశారు. మర్నాడు భౌతికకాయాన్ని అక్బర్ రోడ్డులోని కాంగ్రెస్ కార్యాలయం దగ్గరికి తీసుకెళ్తే గేటు తెరుచుకోలేదు. అయిదేళ్లు ప్రధానిగా ఉంటూ అదే పార్టీకి అధ్యక్షత వహించిన మనిషి. గేటు బయటే కాసేపు ఆపి, అటునుంచి అటే విమానాశ్రయానికి తరలించారు. అంత్యక్రియలు హుస్సేన్‌సాగర్ ఒడ్డున జరిగాయి. అది క్షమించరాని అవమానం, సందేహం లేదు. కానీ ఆ అవమానం అందరి అవసరాలకూ అక్కరకొచ్చింది. కాంగ్రెస్‌ను దెప్పడానికి బీజేపీ వాడుకుంది. 1993లో ఆయన ప్రభుత్వాన్ని దించాలని ఓటేసిన పార్టీయే 2024లో ఆయనకు భారతరత్న ప్రకటించింది. తెలంగాణ ఆత్మగౌరవం పేరిట టీఆర్‌ఎస్ ప్రభుత్వం 2020-21లో శతజయంతి ఉత్సవాలు చేసి, నెక్లెస్ రోడ్డుకు ఆయన పేరు పెట్టి, కుమార్తె వాణీదేవిని శాసనమండలికి పంపింది. ‘వేయిపడగలు’ను హిందీలోకి తెచ్చిన బహుభాషావేత్త పేరు ఏ భాషా విశ్వవిద్యాలయానికో కాకుండా పశువైద్య విశ్వవిద్యాలయానికి దక్కడం మాత్రం కాస్త వింతగానే ఉంటుంది.

జాలిపడితే ఒక సుఖం ఉంది, లెక్కలు అడగక్కర్లేదు. ఈ అలవాటు మనకు నంద్యాలతోనే మొదలైంది. 1991 ఉప ఎన్నికలో తెలుగువాడు ప్రధాని అయ్యాడని ఎన్టీఆర్ పోటీ పెట్టలేదు. పీవీ అయిదు లక్షల పైచిలుకు మెజారిటీతో గెలిచారు. అది పెద్దమనసే, కాదనను. అయితే ఆయన్ను ‘మనవాడు’ అనుకోవడంతో సరిపెట్టేసే పద్ధతీ అప్పుడే పడింది.

లెక్క అడగాల్సిన రోజు 1993 జులై 28. మైనారిటీ ప్రభుత్వం మీద అవిశ్వాస తీర్మానం. అనుకూలంగా 251, వ్యతిరేకంగా 265 ఓట్లు. ప్రభుత్వం గట్టెక్కింది. జార్ఖండ్ ముక్తి మోర్చా ఎంపీలు డబ్బు తీసుకుని ఓటేశారన్న ఆరోపణ తర్వాత కేసుగా మారింది. 1998 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు 3:2 మెజారిటీతో ఒక విచిత్రమైన మాట చెప్పింది. లంచం పుచ్చుకుని సభలో ఓటేసిన ఎంపీకి 105(2) అధికరణ కింద రక్షణ ఉంటుంది, ఇచ్చినవాడికి ఉండదు. అలా పుచ్చుకున్నారన్నవాళ్లు బయటపడ్డారు. ఇచ్చారన్న అభియోగంతో మాజీ ప్రధాని బోనులో నిలబడ్డారు. అప్పటికే పార్టీ అధ్యక్ష పదవి పోయింది, ఆ ఏడాది లోక్‌సభ టికెట్టూ దక్కలేదు. 2000లో ప్రత్యేక కోర్టు మూడేళ్ల జైలుశిక్ష వేసింది. క్రిమినల్ కేసులో దోషిగా తేలిన తొలి మాజీ ప్రధాని ఆయనే. 2002లో ఢిల్లీ హైకోర్టు ఆ శిక్షను రద్దు చేసింది. లఖూభాయ్ పాఠక్ మోసం కేసులోనూ 2003 చివర్లో నిర్దోషిగా బయటపడ్డారు. ఇంకో ఏడాదికి పోయారు.

చట్టం దృష్టిలో ఆయన మీద మచ్చ లేదు. రాజకీయంగా మాత్రం ప్రశ్న అక్కడితో ఆగదు. పరిశ్రమల శాఖను తన దగ్గరే ఉంచుకుని 1991 జులైలో లైసెన్సుల రాజ్యాన్ని కూల్చిన ఘనత ఆయనకు ఇస్తున్నాం, ఇవ్వాలి కూడా. ఆ సంస్కరణలు నిలదొక్కుకోవడానికి ప్రభుత్వం అయిదేళ్లూ బతికి ఉండాలి. అది ఎలా బతికిందో అడక్కుండా ఘనతను మాత్రం విడదీసి తీసుకోవడం కుదరదు. ఆ ఓటింగు తెచ్చిన తీర్పు, లంచం తీసుకుని ఓటేసే ప్రజాప్రతినిధికి 26 ఏళ్లు గొడుగు పట్టింది. చివరికి దాన్ని పక్కకు తోసిన 2024 కేసు కూడా రాజ్యసభ ఎన్నికలో ఓటు గురించే. అందులో పిటిషనర్ సీతా సోరెన్, 1993 కేసులో నిందితుడైన శిబు సోరెన్‌కు స్వయానా కోడలు!

పీవీ తన గురించి తాను ఏం చెప్పుకున్నారు? 1998లోనే ‘ది ఇన్‌సైడర్’ నవల వచ్చింది. తెలుగులో ‘లోపలి మనిషి’. అఫ్రోజాబాద్ అనే ఊహా రాష్ట్రం, ఆనంద్ అనే కథానాయకుడు. హైదరాబాద్ రాజకీయాలు తెలిసినవాళ్లకు ఏ పాత్ర వెనక ఎవరున్నారో విప్పి చెప్పనక్కర్లేదు. ముఖ్యమంత్రి కుర్చీ చుట్టూ తిరిగే కుట్రల గురించీ, భూసంస్కరణలకు భూస్వాములు అడ్డం పడే తీరు గురించీ ఇంత లోపలి నుంచి రాసిన భారత రాజకీయ నాయకుడు మరొకరు లేరు. కాకపోతే ప్రధాని పదవి దాకా రాకుండానే నవల ఆగిపోతుంది.

అయోధ్య మీద రాసిన పుస్తకం ఆయన పోయాక, 2006లో వెలువడింది. రాష్ట్రపతి పాలన విధించడానికి 356 అధికరణ ఎక్కడ అడ్డొచ్చిందో, సుప్రీంకోర్టుకు ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం ఇచ్చిన హామీని ఎందుకు నమ్మాల్సి వచ్చిందో ఓపిగ్గా వాదిస్తారు. వకీలు రాసిన పుస్తకమది. దగ్గర్లోనే కేంద్ర బలగాలుండగా మసీదు కూలిపోతుంటే ఢిల్లీ ఎందుకు కదల్లేదన్న ప్రశ్నకు చట్టపరమైన జవాబు అందులో దొరుకుతుంది. ఆ మధ్యాహ్నం ప్రధాని మనసులో ఏముందో దొరకదు.

ఏదైనా ఆయన మాట అంటూ ఒకటి అయోధ్యకు మిగిలింది. 1993 జులై 28 గురించి పీవీ పుస్తకమేదీ రాయలేదు. ఉన్నవి కోర్టు రికార్డులే.