సవాయి రోగమును గూర్చి

ఇంటిల్లిపాదియు చదువు ఈ పత్రికలో సవాయి రోగమును గూర్చి వ్రాయుట తగునా యని మేము కొంత సందేహించితిమి. మన ముసలివారు కొరుకు అనియు, మేహమనియు గొంతు తగ్గించి చెప్పుకొను జబ్బు ఇదియే. వ్రాయకున్న కీడే ఎక్కువయని తోచినందున వ్రాయుచున్నాము.

ఈ రోగమునకు ఏ జాతివారును తమ పేరు పెట్టుకొనలేదు. ఇటలీవారు ఫ్రెంచివారి జబ్బనిరి. ఫ్రెంచివారు నేపుల్సు జబ్బనిరి. మన దేశమున 16వ శతాబ్దమునందు భావమిశ్రుడు ఫిరంగ రోగమని వ్రాసెను. తమిళమున పరంగిప్పుణ్ణనుటయు అట్టిదే. మన వీధులలోనో, అది లారీవారి జబ్బు, పట్నము పోయివచ్చినవారి జబ్బు. మన ఇంటిది మాత్రము కాదు!

1943లో అమెరికాలో మహోనీ అను వైద్యుడు పెన్సిలిన్‌తో దీనిని కుదుర్పవచ్చునని చూపెను. ఆ క్రిమి నేటికిని ఆ మందునకు లొంగుచునే యున్నది. తొలి దశలో ఒక్క సూది చాలును. అయినను 2022లో లోకమున సుమారు 80 లక్షల మంది పెద్దలకు ఈ రోగము క్రొత్తగా సోకినదనియు, 2 లక్షల 30 వేలమంది దీనివలన మరణించిరనియు ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఆ యేడే సుమారు లక్షన్నర శిశువులు తల్లి కడుపులోనే పోయిరట.

మందుండియు ఇట్లేల? మొదట వచ్చు పుండు నొప్పి పెట్టదు. కొన్ని వారములలో దానంతట అదే మానును. పిదప అరచేతులలోను, అరికాళ్లలోను మచ్చలు లేచి అవియును పోవును. రోగి స్వస్థుడనైతిననుకొనును. ఏండ్లు గడచిన పిమ్మట కొందరికి గుండెను, మెదడును, కన్నులను చెరచును. గర్భిణికి ఏ లక్షణమును కనిపింపకయే బిడ్డకు సోకవచ్చును.

గర్భము నిలువకున్నను, చచ్చిన బిడ్డ పుట్టినను మన ఇండ్లలో కోడలి జాతకమును తిరగవేయుదురు, నాగదోషమందురు. గర్భనష్టములన్నిటికిని సవాయియే కారణమని మేమనుట లేదు. నాగప్రతిష్ఠకు ముందు రక్తపరీక్ష చేయింపుడనుచున్నాము. ప్రభుత్వాసుపత్రులలో గర్భిణులకది ఉచితము. మూడవ నెలలోపుననే చేయించుట మేలు. రోగమున్నచో కాన్పునకు కనీసము 30 దినముల ముందైనను చికిత్స మొదలుపెట్టవలెను. తూత్తుకుడి సముద్రమున కావలనున్న సింహళము గర్భిణులకు తప్పక పరీక్ష చేయుచు, తల్లినుండి బిడ్డకు ఈ రోగము సోకుటను అరికట్టినదని 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థచే గుర్తింపు పొందినది.

మనకడ్డు మరియొకటి కలదు. భార్యకు రోగమున్నదని తేలినచో భర్తకును పరీక్షయు, మందును కావలెను. లేనిచో ఆమెకు మరల సోకును. కోడలిని ఆసుపత్రికి పంపుటకు వెనుదీయని అత్తమామలు, కొడుకును పంపుమనగానే మండిపడుదురు. మగవాని పరువు బిడ్డ ప్రాణముకంటె ఎక్కువదా? ఈ మాట పెద్దలకు రుచింపదని యెరుగుదుము.

మనలో తొలికాన్పు పుట్టింట జరుగుట ఆచారము. కారియాపట్టిలో రక్తము తీయుదురు, కాన్పు కోవిల్‌పట్టిలో నగును. పరీక్షాఫలితము అత్తవారింటి పెట్టెలోనే యుండును; అచ్చటి వైద్యురాలికి ఏమియు తెలియదు. సీమంతమైన పిదప కూతును తీసికొనిపోవు తల్లులు గాజులతోబాటు ఆసుపత్రి పుస్తకమునుగూడ అడిగి తీసికొనవలెను. అల్లుని పరీక్షాఫలితమును అందులోనే పెట్టించుకొనుడు.