కట్ తప్పినా కూలి ఇవ్వాలి

తాటిపాక నుంచి గోల్ఫ్ గురించి రాయడమేమిటని మిత్రులు నవ్వవచ్చు. కొబ్బరితోటల మధ్య బతికేవాళ్ళం, ఆ మైదానం చూడాలంటే విశాఖపట్నమో హైదరాబాదో పోవాలి. అది మింగే నేల, నీళ్ళ సంగతి వేరే చర్చ. నేను మాట్లాడదలచుకున్నది అక్కడ ఆడే స్త్రీల శ్రమ గురించి.

మన దేశంలో స్త్రీల వృత్తి గోల్ఫ్‌కు 2004లో సంఘం ఏర్పడింది. అది నడిపే పోటీలు విదేశాల్లోని పెద్ద పోటీలకు మెట్టు. అమెరికాలో ఎప్సన్ టూర్ అలాంటిదే. ఏడాదంతా ఆడితే పై పది, పదిహేను మందికే ఎల్‌పీజీఏలో నేరుగా చోటు దొరుకుతుంది. ఊరూరా తిరిగే ఆ సీజన్లో ప్రవేశరుసుము, ప్రయాణం, బస, బ్యాగు మోసే కాడీ డబ్బు అన్నీ ఆడే మనిషే పెట్టుకోవాలి. కొన్ని రౌండ్లయ్యాక వెనకబడినవాళ్ళను తీసేస్తారు. దాన్ని కట్ అంటారు. కట్ తప్పితే సాధారణంగా ఆ వారం చిల్లిగవ్వ రాదు. కాడీకి మాత్రం ఇవ్వాలి, అతనూ కూలివాడే కదా. హైదరాబాద్ అమ్మాయి స్నేహా సింగ్ 2022లో అమెచ్యూర్‌గా ఉండగానే మన పోటీల్లో గెలిచింది. అమెచ్యూర్లకు ప్రైజుమనీ ఇవ్వరు.

గోదావరి అవతల నర్సాపురం లేసు గుర్తొస్తోంది. లేసు అల్లే స్త్రీల శ్రమను తీరిక వేళ కాలక్షేపంగా ఎలా లెక్కగట్టారో మరియా మీస్ 1982 నాటి పుస్తకంలో చూపించింది. అక్కడ 'కాలక్షేపం', ఇక్కడ 'నేర్చుకుంటోంది'. లేసుకైనా ముక్కకింతని ఏదో వస్తుంది.

పెట్టుబడంతా కుటుంబానిది. కొడుకు ఆటకు అరెకరం అమ్మితే వాడిమీద నమ్మకం అంటారు. కూతురికి అమ్మితే కట్నం డబ్బు తగలేశారంటారు. రెండు సీజన్లు ఫలితం కనపడకపోతే సంబంధాలు చూడడం మొదలవుతుంది. ఆ అమ్మాయికి ఆట రాలేదని తేల్చడం అన్యాయం. ఆమెకు మూడో సీజన్ దక్కలేదంతే.

డబ్బెక్కడిదంటారు. అమెరికాలో పురుషుల పీజీఏ టూర్ 2022లో పూర్తి సభ్యులకు ఏడాదికి 5 లక్షల డాలర్ల కనీస ఆదాయానికి హామీ ప్రకటించింది. కింది వరుసవాళ్ళకు కట్ తప్పిన ప్రతి పోటీకీ 5 వేల డాలర్లు. అంత ఇమ్మని మన స్పాన్సర్లను ఎవరూ అడగరు. కట్ తప్పినవాళ్ళకు కనీసం ప్రయాణం, బస ఖర్చులివ్వాలి. ప్రసవం తర్వాత తిరిగొచ్చే స్త్రీకి ఆమె స్థానం ఉంచాలి.

ఇది గోల్ఫ్‌తో ఆగదు. అమలాపురం, రాజోలు నుంచి కబడ్డీకీ బాడ్మింటన్‌కీ బయటి ఊళ్ళకు వెళ్ళే అమ్మాయిల ఛార్జీలు ఎవరు పెట్టుకుంటున్నారో మన సంఘాలు అడిగి రాసుకోవాలి. అడగవలసింది కోచ్‌లను కాదు, తల్లులను.