బొమ్మ క్రింద బొమ్మ



తెల్లవారకమున్నే మన వాకిండ్లలో నిత్యము నొక పని జరుగుచున్నది. నిన్నటి ముగ్గుపై కళ్ళాపి చల్లి, ఊడ్చి, ఆ తావుననే నేటి ముగ్గు పెట్టుచున్నాము. నిన్నటి పద్మము పోయినదని విచారించువా రెవ్వరును లేరు. ఏలయన, పెట్టిన చేయియే దానిని చెఱిపినది. తన ముగ్గును తాను చెఱుపుకొనుట వేఱు. ఒరులు పెట్టిన ముగ్గును మనము చెఱుపుట వేఱు. ఈ చిన్న భేదమును మనస్సునం దుంచుకొని యీ నెల ముచ్చటను చదువవలెనని కోరుచున్నాను. పూర్తియైన చిత్తరువుల క్రింద దాగియున్న వేఱు చిత్తరువులను పండితులు నేడు కనుగొనుచున్నారు. ఆ విధ మెట్టిది, దానివలన మన సీమ స్త్రీలు గ్రహింపవలసిన దేమి యనునదియే యీ మాసపు విషయము.

మొదట దూరదేశపు కథ. కజిమీర్ మలేవిచ్ అను చిత్రకారుడు 1879లో కీవ్ నగరమున జన్మించెను. అతడు 1915లో నొక పటము వ్రాసెను. అందు మనుష్యుడు లేడు, చెట్టు లేదు, దేవత లేదు. తెల్లని అంచు నడుమ నొక నల్లని చతురస్రము మాత్రమే కలదు. పటము పొడవు వెడల్పులు ఒక్కొక్కటి 79.5 సెంటీమీటర్లు. ఆ యేటి డిసెంబరులో పెట్రోగ్రాడు నగరమున జరిగిన ప్రదర్శనమున దానిని గది మూలను, పైకప్పునకు దాపుగా వ్రేలగట్టిరి. రష్యా దేశపు గృహములలో దేవుని పటము నుంచు తావు అదియే. వస్తువుల పోలికను విడిచి, రంగును రేఖను ఆకృతిని మాత్రమే నమ్ముకొన్న యిట్టి రచనలను నైరూప్య చిత్రములందురు. “ఇది పసిపిల్లవాడును గీయగలడు గదా!” యని యనిపించుట సహజము.

కాని కాలక్రమమున నా నలుపు బీటలు వాఱెను. బీటల సందులనుండి వేఱు రంగులు తొంగిచూచెను. మాస్కోలోని ట్రెట్యాకోవ్ చిత్రశాలవారు ఆ పటమును కిరణములతో పరీక్షించి, 2015లో, అనగా అది పుట్టిన నూఱేండ్లకు, దాని క్రింద నొకటి కాదు రెండు చిత్రములు కలవని ప్రకటించిరి. అట్టడుగున వస్తువులను ముక్కలుగా విఱిచి మరల కూర్చినట్టి చిత్ర మొకటి. దానిపై రంగురంగుల ఆకృతులతో నొకటి. ఆ రెంటిని కప్పి నల్లని చతురస్రము. పసిపిల్లవాని గీతవలె కనబడిన దాని వెనుక నెన్ని ప్రయత్నము లున్నవో యప్పుడు లోకమునకు తెలిసినది. అతడు వస్తువును ముక్కలు చేసి చూచెను. పిదప ఆకృతులను కూర్చి చూచెను. తుదకు రెంటిని విడిచెను. చేతగాక విడుచుట వేఱు, చేసి చూచి విడుచుట వేఱని యా క్రింది పొరలు సాక్ష్య మిచ్చుచున్నవి.

పై రంగును గోకకుండ లోపలిది చూచు టెట్లని మీరడుగవచ్చును. మన ధర్మవరము మండలములోని నిమ్మలకుంట తోలుబొమ్మలకు పేరుపొందిన యూరు. ఆ బొమ్మను పగటివేళ గోడ కానించి చూడుడు; ముదురు రంగు తోలుగా నుండును. తెఱ వెనుక దీపము పెట్టి చూడుడు. సీతమ్మ చీర యంచును, చెవికమ్మయు, తోలున పొడిచిన సన్నని రంధ్రములును వెలిగి కనబడును. బొమ్మ మారలేదు, వెలుగు వచ్చు దారి మారినది. చిత్రపరీక్షయందలి కీలకము నిదియే. జర్మనీ దేశీయుడగు రాంట్‌జెన్ 1895లో కనుగొన్న ఎక్స్‌కిరణములు గుడ్డను, పలుచని రంగులను దాటిపోవును. సీసముతో చేసిన తెల్లరంగు వానిని అడ్డగించును. కావున పూర్వపు చిత్రమున నెచ్చట సీసపు తెలుపు వాడబడెనో యచ్చట ఫలకముపై గుఱుతు పడును. పరారుణ కిరణములు మఱియొక విధముగా నుపకరించును. అవి యనేకములగు పైరంగులను దాటి, బొగ్గుతో గీచిన గీత కడ నాగును. అందువలన చిత్రకారుడు మొదట గీచికొన్న రేఖలు బయల్పడును. ఇప్పు డింకొక మార్గమును కలదు. పటముపై కిరణములను ప్రసరింపజేసి, ఏ చోట సీసము, ఏ చోట పాదరసము, ఏ చోట ఇనుము కలదో చుక్కచుక్కగా లెక్కించి, ఆ లెక్కనుండి మఱుగుపడిన ముఖమునే తిరిగి నిర్మింతురు.

ఇట్లు బయల్పడినవి పెక్కు. పికాసో 1901లో వ్రాసిన నీలిగది యను చిత్రము వాషింగ్టనులోని ఫిలిప్స్ చిత్రశాలలో కలదు. పైకి స్నానము చేయుచున్న యువతి కనబడును. దాని క్రింద, చెంపకు చేయి చేర్చి, వ్రేళ్ళకు మూడుంగరములు ధరించిన గడ్డపు పెద్దమనిషి యున్నాడని 2014లో వెల్లడించిరి. అప్పటికి పికాసో పేదవాడు. క్రొత్త గుడ్డ కొన సొమ్ములేక పాతదానిపైననే వ్రాయుచుండెను. చిరిగిన చీరను బొంతగా కుట్టుకొను గృహిణికి ఈ సంగతి వింతగా తోపదు.

మలేవిచ్చుగాని పికాసోగాని తమ బొమ్మను తామే కప్పిరి. ఆ కప్పుటయు వారి పనిలో భాగమే. కావున క్రిందిదానికై పైదానిని గీకివేయుదమని యెవ్వరును తలంపరు. కిరణములతో చూచి, తెలిసికొని, పటమును యథాస్థానమున నుంచుదురు. కాని యొకరి బొమ్మపై మఱియొకరు, కొన్ని వందల యేండ్లకు పిమ్మట, వేఱు బొమ్మ వ్రాసినచో నేమి చేయవలెను? ఈ చిక్కు మన దక్షిణదేశముననే, మన తెలుగువారి పనియందే కలిగినది.

లేపాక్షి వీరభద్రాలయమును చూడనివారు మన హిందూపురము, పెనుకొండ, ధర్మవరము, ముదిగుబ్బ ప్రాంతములలో నరుదు. అచ్యుతదేవరాయలు విజయనగరము నేలిన కాలమున, అనగా 1529కిని 1542కిని నడుమ, పెనుకొండలో నధికారిగా నుండిన విరూపణ్ణయు, అతని సోదరుడు వీరణ్ణయు దానిని వృద్ధి చేసిరి. అచటి కప్పులపై పార్వతీ పరిణయమును, ద్రౌపదీ స్వయంవరమును, స్త్రీల చీరల యంచులను, కొప్పుల తీరులను చూచి ముచ్చటపడనివారు లేరు. ఆ యచ్యుతరాయల రాణి తిరుమలాంబ. ఆమె చెల్లెలు మూర్తిమాంబను పెండ్లాడిన సేవప్ప నాయకునకు తంజావూరు రాజ్యము లభించినదని చరిత్రకారులు చెప్పుదురు. ఇట్లు తెలుగు నాయకరాజులు తమిళదేశమున పాలకులై 1673 వరకు నుండిరి. రామభద్రాంబ, రంగాజమ్మ మొదలగు కవయిత్రులను సన్మానించిన సభలు వారివే.

తంజావూరి బృహదీశ్వరాలయమును అంతకు చాల పూర్వము, 1010 నాటికి, చోళచక్రవర్తియగు రాజరాజు కట్టించెను. గర్భగృహము చుట్టునున్న యిఱుకైన చీకటి ప్రదక్షిణమార్గమున గోడల నిండ బొమ్మలు వ్రాయించెను. దాదాపు ఆఱువందల యేండ్లకు నాయకరాజుల చిత్రకారులు ఆ గోడలకే క్రొత్త గచ్చు పూసి, తమ బొమ్మలు వ్రాసిరి. పాతవి గోడలోననే మఱుగుపడి, జనుల జ్ఞాపకమునుండియు తొలగిపోయెను. 1931లో అణ్ణామలై విశ్వవిద్యాలయమునకు చెందిన ఎస్. కె. గోవిందస్వామి గారు దీపము పట్టుకొని యా మార్గమున పరిశీలించుచుండగా, పై గచ్చు పెచ్చులూడిన చోట్ల వేఱొక చేతి రేఖలు కనబడెను. కైలాసమునకు తెల్లయేనుగుపై పోవుచున్న సుందరమూర్తియు, గుఱ్ఱముపై చేరమాన్ పెరుమాళును, త్రిపురములపై విల్లెక్కుపెట్టిన శివుడును, నాట్యమాడు స్త్రీలును వెలువడిరి. మద్రాసు మ్యూజియమునకు చెందిన ఎస్. పరమశివన్ గారు 1930 దశాబ్దమున నా రంగులను రసాయన పరీక్ష చేసి, అవి తడియారని సున్నపు గచ్చుపై వ్రాసినవని నిర్ణయించిరి. అట్లు వ్రాసిన రంగు సున్నముతోపాటు గట్టిపడి గోడలో నొక భాగమగును. అందుకే యన్ని శతాబ్దములు నిలిచినది.

ఇప్పుడు ధర్మసంకటము చూడుడు. క్రింది పొర వేయేండ్లనాటిది, అపురూపమైనది. దానిని చూడవలెనన్న పై పొరను తీయవలెను. పై పొర యెవరిది? మన తెలుగు నాయకులది, నన్నూఱేండ్ల ప్రాయముగలది. అంతకంటె చిత్రమేమనగా, క్రింది పొరయు మనకు పరాయిది కాదు. రాజరాజచోళుని కుమార్తె కుందవ వేంగీ రాజగు విమలాదిత్యుని భార్య. ఆమె కొడుకే నన్నయభట్టునకు ఆశ్రయమిచ్చిన రాజరాజనరేంద్రుడు. తెలుగు భారతమునకు కారకుడైన రాజుయొక్క తాతగారి బొమ్మలు క్రిందను, తెలుగు నాయకుల బొమ్మలు పైనను! పాతదని క్రిందిదానిని పూజించి పైదానిని నేలరాల్చిన నొక అపచారము. పైది చాలునని క్రిందిదానిని చీకటిలో నుంచిన మఱియొక లోపము.

భారత పురావస్తు శాఖకు చెందిన రసాయన శాస్త్రజ్ఞులు మూడవ దారి కనుగొనిరి. ఇట్టి పనులలో సాధారణముగా పై బొమ్మ ముఖమునకు పలుచని కాగితమునో గుడ్డనో జిగురుతో నంటించి, అది పట్టు కొనిన పిమ్మట వెనుకనుండి గచ్చుపొరను మెల్లమెల్లగా విడదీసి, క్రొత్త పలకపై నతికి, ముందఱి జిగురును కరగింతురు. అరచేతి వెడల్పు పనికి నెంతో ఓర్పు కావలెను. తంజావూరిలో నీ విధముగా పదియాఱు నాయక చిత్రములను గోడనుండి వేఱుచేసి, గాజునారతో చేసిన పలకలపై నతికి, వేఱుగా ప్రదర్శనమున నుంచిరి. క్రింద చోళచిత్రములు తమ గోడపైననే వెలుగు చూచినవి. రెండు తరముల చేతిపనియు దక్కినది. గోడనుండి విడిపోయిన బొమ్మ తన స్థానమును కోల్పోయినదను మాట నిజమే. అయినను సుత్తితో రాలగొట్టుటకును దీనికిని గల తారతమ్య మెంతయో కలదు. దేనిని చూడదలచితిమో దానికై మఱియొకదానిని బలి పెట్టకుండుటయే యీ విద్య యొక్క సారము.

ఇంతయు పండితుల పని, మన కేమి సంబంధమని యందురేమో. సంబంధము మన ముంగిటనే యున్నది. 1565 తళ్లికోట యుద్ధము పిమ్మట పెనుకొండయే విజయనగర రాజుల రాజధాని యయ్యెను. అందుచేత మన సీమలో పల్లెపల్లెకు పాతగుడి కలదు. లేపాక్షి వంటివి ప్రభుత్వ రక్షణలో నున్నవి. చిన్నగుళ్ళకు మనమే రక్షకులము. తిరునాళ్ళు వచ్చుచున్నవనగా గుడికి రంగు వేయింప చందాలు పోగుచేయుదురు. ఆ చందాలలో స్త్రీల సొమ్మును కలదు. పుణ్యమునకై యిచ్చిన యా సొమ్ముతోనే పాతగోడపై సున్నముమీద సున్నము పడుచున్నది. ఇప్పుడైతే మెఱుగు నూనెరంగు పడుచున్నది. సున్నపుగోడకు నూనెరంగు పూసిన, లోని తేమ బయటికి పోజాలక, గచ్చే పెచ్చులై యూడును; దానితో లోపల నేమైన నుండినచో నదియు రాలును. నాయకులు కప్పినది బొమ్మతో. మనము కప్పునది డబ్బారంగుతో. ఇదియు నొరుల ముగ్గును మనము చెఱుపుటయే.

కావున గుడిపనికి సొమ్మిచ్చు సోదరీమణులు ఈ కొలది మాటలు అడుగవలెను. రంగు వేయకమున్ను గోడను చూచితిరా? చీకటివేళ టార్చిలైటును గోడకు ఎదురుగాకాక ప్రక్కవాటుగా పట్టి చూచినచో, సున్నము క్రింది మిట్టపల్లములు, గీతలు తెలియును. పెచ్చూడిన చోట ఎఱుపుగాని పసుపుగాని ఆకుపచ్చగాని కనబడిన వెంటనే పని నాపింపవలెను. దానిని గోటితో గీకరాదు. తడిగుడ్డతో తుడువరాదు, ఆరిన గచ్చుపై జిగురు కలిపి వ్రాసిన రంగులు నీటి తగులుటతోడనే కరగును. బొమ్మ నిగనిగలాడవలెనని కొబ్బరినూనె రాయుట మఱియు హాని. నూనెకు దుమ్మంటి కొన్నాళ్ళకు నల్లబడును. కర్పూరహారతి, దీపముల మసి గోడకు తగులకుండ వానిని కొంత దూరముగా నుంచవలెను. ఒక ఛాయాచిత్రము తీయించి, ఊరిపేరు, గుడిపేరు వ్రాసి, పురావస్తు శాఖవారికి పంపవలెను. వారు వచ్చువఱకు గోడను గోడగా నుండనిచ్చుటే యుత్తమ సేవ.

పెద్దలు కొందఱు, “పాతబడిన గుడిని బాగుచేయుట తప్పా?” యని కోపింతురు. బాగుచేయుట తప్పు కాదు. బాగుచేయుటయనగా నేమో తెలియకుండ చేయుటయే తప్పు. కారుచున్న కప్పును మరమ్మతు చేయింపుడు, వాననీరు గోడలోనికి దిగకుండ చూడుడు, గబ్బిలములను వెడలగొట్టింపుడు. ఈ పనులకు వ్యయమైన రూపాయి గోడకును, గోడలో దాగిన దానికిని గూడ మేలుచేయును. రాబోవు తిరునాళ్ళకు చందా పట్టీ మీ యింటికి వచ్చినపుడు, సంతకము చేయకమున్ను పై ప్రశ్న యొక్కటి యడిగి, జవాబు విని, ఆపైన మీ శక్తికొలది నిండు.