రెండో బంతి లేని భోజనం

2025 సెప్టెంబర్ 21, ఆదివారం. రోమ్ నడిబొడ్డున, కొలోసియం దగ్గర పొడవాటి బల్లలు వేసి మధ్యాహ్న భోజనాలు వడ్డించారు. ఆ రోజే ఇటలీలోని ఎన్నో ఊళ్ల కూడళ్లలో ఇదే సందడి. ఇటాలియన్ వంటను యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చాలని ప్రచారం చేస్తున్న ప్రభుత్వం, పిజ్జానీ పాస్తానీ పక్కనపెట్టి, ఆదివారం మధ్యాహ్నం ఇంటిల్లిపాదీ కూర్చుని తినే భోజనాన్ని ముందుకు తెచ్చింది. ఎత్తు పారింది. డిసెంబర్ 10న ఢిల్లీలో జరిగిన యునెస్కో సమావేశంలో ఆ గుర్తింపు వచ్చింది. మన దీపావళికీ ఆ సమావేశంలోనే చోటు దక్కింది.

గుర్తింపు సంగతి సరే. ఇటలీ వెళ్లిన తెలుగువాడికి ఆ భోజనం ఎక్కడ దొరుకుతుందన్నది అసలు ప్రశ్న. టూర్ ప్యాకేజీలో వెళ్లినవాడికైతే దాదాపు దొరకదు. అతని బృందం రోమ్‌లో ఆగేది పాంథియన్ దగ్గరో, త్రేవి ఫౌంటెన్ దగ్గరో. అక్కడి హోటళ్ల ముందు ఫొటోల మెనూ బోర్డులుంటాయి, వచ్చేపోయేవాళ్లను లోపలికి పిలిచే కుర్రాళ్లుంటారు. కాస్త పేరున్న చోటికి ఫోన్ చేస్తే, పన్నెండున్నరకు వచ్చి రెండింటికల్లా లేవాలని చెప్పినా చెబుతారు. మన పెళ్లిళ్లలో మొదటి బంతివాళ్లు ఇంకా పెరుగన్నంలో ఉండగానే రెండో బంతివాళ్లు వచ్చి కుర్చీ వెనక నిలబడతారు చూడండి, అలాంటి భోజనమే అది. నిలబడ్డవాళ్లు కంటికి కనిపించరు, అంతే తేడా.

కాబట్టి ఆదివారం భోజనానికి స్టార్లు, రేటింగులు, గోడ మీద ప్రముఖుల ఫొటోలు చూసి లాభం లేదు. ఆ బల్లను ఆ పూట ఒకరికే ఇస్తారా, ఇద్దరికిస్తారా అన్నది తెలుసుకుంటే చాలు. ఒకరికే ఇచ్చే చోట్లు ఇటలీలో ఇంకా బోలెడున్నాయి. వాటిలో చాలావరకు పట్నానికి అరగంట, గంట దూరంలో ఉన్నాయి. ఇటాలియన్లు కూడా ఆదివారం పట్నం వదిలి అక్కడికే పోతారు.

రోమ్ లోపలే తినాలని పట్టుబట్టేవాళ్లకు తెస్తాచ్చో పేట ఉంది. 1975 వరకు నగర పశువధశాల ఉన్న చోటు అది. మంచి మాంసం పెద్దింటివాళ్లకు పోగా కూలీలకు మిగిలిన తోక, బోటీ, పేగులతోనే అక్కడి వంట పుట్టింది. ‘చెక్కీనో దాల్ 1887’ అనే హోటల్ పేరులోనే దాని వయసుంది. అయితే నగరంలోని మంచి ట్రాటోరియాలు, అంటే కుటుంబాలు నడిపే భోజన హోటళ్లు, చాలావాటికి ఆదివారమే సెలవు. ముందుగా కనుక్కోకుండా వెళ్తే మూసిన తలుపు ఎదురవుతుంది.

ఆదివారం ఉదయం రోమ్ తెర్మినీ స్టేషన్‌లో ఫ్రాస్కాతి రైలెక్కడం అన్నిటికన్నా మంచి పని. ప్రయాణం అరగంట. పోప్‌ల ఏలుబడిలో ఉన్న రాజ్యానికి 1856లో వేసిన మొట్టమొదటి రైలు మార్గం ఇదే. కాస్తెల్లి రోమాని అని పిలిచే ఈ కొండ ఊళ్లు రోమన్లకు ఆదివారం విడిది. పోప్ వేసవి నివాసమున్న కాస్తెల్ గండోల్ఫో కూడా ఈ గుట్టల్లోనే ఉంది.

ఆ ఊళ్లలో ఫ్రాస్కెట్టాలని ఉంటాయి. ద్రాక్ష పండించే రైతు కొత్త వైన్ తయారైందని చెప్పడానికి గుమ్మానికి ఆకులున్న కొమ్మ కట్టేవాడు. అది చూసి జనం వచ్చేవారు. తిండి మాత్రం ఎవరిది వాళ్లే మూటగట్టుకుని తెచ్చుకునేవారు, ఇంటివాడు వైన్ ఒక్కటే అమ్మేవాడు. ఇంటి నుంచి తిండి తెచ్చుకున్నవాళ్లను లోపలికి రానిచ్చే పాతకాలపు చోట్లు ఫ్రాస్కాతిలో ఇంకా కొన్ని మిగిలాయి. రైల్లో పులిహోర డబ్బా విప్పే జాతికి ఇంతకన్నా అనువైన హోటల్ ప్రపంచంలో మరొకటి ఉండదేమో!

పక్కనే ఉన్న అరిచ్చాలో వ్యవహారం ఇంకా జోరుగా ఉంటుంది. ఎముకలు తీసేసిన పందిని రోజ్‌మేరీ, వెల్లుల్లి, మిరియాలు దట్టించి మొత్తంగా కాల్చే పోర్కెట్టాకు ఆ ఊరు పెట్టింది పేరు. 2011లో దానికి యూరోపియన్ యూనియన్ భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఊరి చౌకును, గుండ్రటి చర్చిని రూపొందించింది వాటికన్ కూడలిని తీర్చిదిద్దిన బెర్నీనియే. ఆ ఘనతను చూడటానికి వచ్చేవాళ్లకన్నా పోర్కెట్టా కోసం వచ్చేవాళ్లే ఎక్కువ. కాగితం పరిచిన బల్లలు, చెక్క బెంచీలు, కూజాలో వైన్, పళ్లెం నిండా చీజు, ఆలివ్ కాయలు, చల్లారిన పోర్కెట్టా ముక్కలు. ఆ తర్వాతే పాస్తా. పిల్లలు బల్లల మధ్య పరిగెడతారు, పెద్దలు గొంతెత్తి వాదించుకుంటారు. ప్రశాంతత కోరి వెళ్లేవాళ్లకు ఇది తగదు. తీరుబాటు వేరు, నిశ్శబ్దం వేరు అని ఇక్కడ అరగంట కూర్చుంటే అర్థమైపోతుంది.

ఇంతకీ ఆదివారం భోజనం హోటల్లో ఎందుకు, అది ఇంట్లో అమ్మ వండాల్సింది కదా అని నొచ్చుకునే పెద్దలు ఇటలీలోనూ ఉన్నారు. వాళ్లు నేపుల్స్ నాటకకర్త ఎడ్వార్డో దె ఫిలిప్పో 1959లో రాసిన ‘శనివారం, ఆదివారం, సోమవారం’ నాటకాన్ని ఒకసారి గుర్తుచేసుకోవాలి. నేపుల్స్ రాగూ అంటే మాంసం ముక్కల్ని టమాటాలో వేసి సన్నటి సెగ మీద గంటల తరబడి మగ్గించే పులుసు. ఆ పులుసుతో పాస్తా ముందు తింటారు, అందులో ఉడికిన మాంసాన్ని విడిగా తర్వాత వడ్డిస్తారు. అందుకోసం నాటకంలోని ఇల్లాలు రోసా శనివారమే పొయ్యి ముట్టిస్తుంది. ఆదివారం బల్ల చుట్టూ చుట్టాలు చేరాక గొడవ బద్దలవుతుంది. దాని వేరు చూస్తే, ఒకప్పుడు భర్త ఆమె వంటను కాదని కోడలి వంటను మెచ్చుకోవడం. సోఫియా లోరెన్ రోసాగా 1990లో లీనా వెర్ట్‌ముల్లర్ దీన్ని తెరకెక్కించారు.

ఆ నాటకాన్ని చాలామంది ఇంటి భోజనానికి పట్టిన హారతిగా చూస్తారు. అది పొరపాటు. ఒక మనిషి శనివారం రాత్రినీ, ఆదివారం ఉదయాన్నీ మింగేస్తే తప్ప తయారుకాని పండుగ అది. హోటల్‌కు మారాకనే ఆ మనిషి కూడా కూర్చుని తినగలుగుతోంది. ట్రాటోరియాలో పదిమంది కుటుంబం మధ్య కూర్చున్న నానమ్మ ముఖం చూస్తే, అచ్చమైన భోజనం ఇంట్లోనే అన్న వాదన తేలిపోతుంది. వంట బాగాలేదని ఆవిడ విమర్శించే ఉత్సాహమే వేరు.

పల్లె గాలి కూడా కావాలంటే ఆగ్రితురిజ్మోలున్నాయి. రైతు తన పొలంలోనే అతిథులకు గది ఇచ్చి, భోజనం పెట్టే పద్ధతికి ఆ పేరు. 1985లో ఇటలీ దీనికి చట్టం చేసింది, 2006లో దాన్ని తిరగరాసింది. ప్రధాన వృత్తి వ్యవసాయమే అయి ఉండాలని, వడ్డించేదాంట్లో సొంత పంట తగినంత ఉండాలని దాని సారాంశం. ఎంత ఉండాలన్నది ప్రాంతీయ ప్రభుత్వాలు తేలుస్తాయి. చేను అమ్ముకోకుండా రైతుకు రెండో రాబడి చూపించడం దీని వెనకున్న ఆలోచన. హైదరాబాద్ చుట్టూ వెలసిన రిసార్టుల్లో పొలం ఫొటోలకు పనికొస్తోంది, అక్కడ చట్టం ప్రకారం పొలమే ముందుండాలి. ఆదివారం ఇలాంటి చోట చాలాసార్లు మెనూ కార్డు కూడా ఉండదు. మనిషికింత అని ధర, పొలంలో ఏముంటే అది, వచ్చినప్పుడు తినడమే. దక్షిణాన పూల్యా ప్రాంతంలోని ఇలాంటి చోట్ల కూరగాయల చిరుతిళ్లే వరసగా వస్తాయి. ఎండు బాకలా గింజల ముద్ద, దాని పక్కన ఉడికించిన చేదు ఆకుకూర అక్కడి పేదల తిండి. మన పప్పూ ఆకూ ఎరిగిన నాలుకకు అది కొత్తగా ఉండదు.

శాకాహారుల గురించి ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే పొరపాటు జరిగేది ఈ ఆదివారం బల్ల దగ్గరే. బొలోన్యాలో తాల్యాతెల్లే పాస్తా వెడల్పు ఉడికాక 8 మిల్లీమీటర్లు ఉండాలని 1972లో వాణిజ్య మండలిలో నమోదు చేసి, కొలతకు బంగారు నమూనా కూడా పెట్టారు. అంత శ్రద్ధగా చేసిన పాస్తా మీద పోసేది మాత్రం గొడ్డు మాంసం, పంది మాంసం కలిపిన రాగూ. మాంసం తిననివాళ్లు ఇంకొంచెం ముందుకెళ్లి ఫెరారాలోనో, మాంతువాలోనో దిగితే గుమ్మడికాయ కూరిన పాస్తా దొరుకుతుంది, వెన్న పోసి ఇస్తారు. నేపుల్స్‌కు దక్షిణాన నెరానో తీరంలో వేయించిన జుకీని ముక్కలతో స్పగెటీ చేస్తారు. జెనోవా వైపు తులసి జాతి ఆకులతో పెస్తో. నియమంగా ఉండేవాళ్లు మరొకటి తెలుసుకోవాలి: పార్మిజానో చీజులో పాలు విరిచేందుకు దూడ కడుపులోంచి తీసిన పదార్థం వాడతారు. ‘చీజు వద్దు’ అని ముందే చెబితే ఎవరూ ఏమీ అనుకోరు.

ఆ చీజుకు మనవాళ్లతో ఒక సంబంధం ఉంది. పో నది మైదానంలోని పశుశాలల్లో పాలు పితికేవాళ్లలో పంజాబీలు చాలామంది. 2000లో రెజ్జో ఎమీలియా దగ్గరి నొవెల్లారాలో పెద్ద గురుద్వారా వెలిసింది కూడా వాళ్ల వల్లే. ఆవులకు ఆదివారం సెలవుండదు, కాబట్టి వాళ్లకూ ఉండదు.

ఉత్తరాన తూరిన్‌లో చదువుకునే తెలుగు పిల్లలకైతే గంట రైలు ప్రయాణంలో బ్రా పట్టణం ఉంది. 1986లో రోమ్‌లోని స్పానిష్ మెట్ల దగ్గర మెక్‌డొనాల్డ్స్ పెడుతుంటే జరిగిన నిరసనల నుంచి కార్లో పెత్రీని స్లో ఫుడ్ ఉద్యమాన్ని నిలబెట్టింది ఈ ఊరి నుంచే. ఆ ఉద్యమం 1990 నుంచి ఊరూరి చిన్న భోజనశాలల మీద పుస్తకం తెస్తోంది. అందులో నత్త గుర్తున్న చోటు చూసుకుని వెళ్తే ఆదివారం వృథా కాదు. చుట్టుపక్కల లాంగే గుట్టల్లో పాస్తా రావడానికి ముందే నాలుగైదు చిరువంటకాలు ఒకదాని వెంట ఒకటి వస్తాయి. వాటితోనే కడుపు నింపేసుకోవడం కొత్తవాళ్లు చేసే పని.

ఈ సంప్రదాయమంతా అనాదిది అనేవాళ్ల మాటను పూర్తిగా నమ్మనక్కర్లేదు. ఇటాలియన్ వంటకాల పురాతనత్వంలో చాలా భాగం ఈమధ్య కట్టిన కథేనని చరిత్రకారుడు అల్బెర్తో గ్రాందీ పుస్తకమే రాసి తిట్లు తిన్నారు. పైగా 2012 నుంచి దుకాణాలు ఆదివారం కూడా తెరిచి ఉంచుకునే స్వేచ్ఛ వచ్చింది. మాల్‌లో పనిచేసే కూతురు లేకుండానే ఇప్పుడు ఎన్నో ఇళ్లలో బల్ల సర్దుతున్నారు. యునెస్కో పత్రం ఆమెకు సెలవు ఇప్పించలేదు.

వెళ్లేవాళ్లకు నాలుగు మాటలు. బల్ల వారం ముందే చెప్పుకోవాలి. ఒంటిగంటకు కూర్చోవాలి, రెండున్నర దాటితే వంటగది మూసేస్తారు. అయితే కూర్చున్నవాళ్లను లేపరు. భోజనం తర్వాత కాపుచీనో అడిగితే ఇస్తారు గానీ ఒక చూపు చూస్తారు. చిన్న కప్పు కాఫీ తాగడం అక్కడి ఆచారం. బిల్లు తనంతట తాను రాదు, అడిగి తెప్పించుకోవాలి. అందులో కొపెర్తో అని మనిషికింత అదనంగా పడుతుంది. మనవాళ్లు దీని మీద పోట్లాటకు దిగుతుంటారు. మూడు గంటలు కుర్చీ వాడుకున్నందుకు ఒకటి రెండు యూరోలు ఎక్కువేమీ కాదు. అయితే రోమ్ ఉన్న లాజియో ప్రాంతంలో 2006లోనే దీన్ని చట్టం నిషేధించింది. అక్కడ కొన్ని హోటళ్లు అదే డబ్బును ‘రొట్టె’ పద్దు కింద రాసుకుంటున్నాయి. రొట్టె వద్దనుకునేవాళ్లు బుట్ట బల్ల మీదికి రాకముందే ఆ మాట చెప్పేయాలి.