గటగటా తాగమనే సలహా ప్రమాదం

ఎండలు ముదిరితే అందరి నోటా ఒకటే మాట: నీళ్లు ఎంత తాగితే అంత మంచిదని. పరగడుపున లీటరున్నర ఒక్క దమ్మున పట్టించమనేవాళ్లున్నారు. వాళ్లలో కొందరు ఉప్పు కూడా మానేయమంటారు. ఈ రెండు సలహాలూ కలిసి తమిళనాడులోని కోవిల్‌పట్టి, విరుదునగర్ ఎండల్లో చెమటోడ్చే మనిషి ప్రాణం మీదికి తేగలవు.

మూత్రపిండాలు ఎంత గట్టివైనా గంటకు 800 మిల్లీలీటర్ల నుంచి లీటరు నీళ్ల వరకే బయటికి పంపగలవు. చెమటగా పోయేది కాక అంతకు మించి తాగుతూ పోతే రక్తంలో సోడియం పలచబడుతుంది. అది లీటరుకు 135 మిల్లీమోల్‌ల కన్నా బాగా, వేగంగా పడిపోతే మెదడు కణాల్లోకి నీరు చేరి అవి ఉబ్బుతాయి. పుర్రె సాగేది కాదు గదా! తలనొప్పి, వాంతులు, తికమక, ఆపైన ఫిట్స్. చూసేవాళ్లు వడదెబ్బనుకుని మరో చెంబు నీళ్లు పట్టిస్తారు. నాకు అన్నిటికన్నా భయం అక్కడే.

ఇలా జరగడం అరుదంటారు. నీడపట్టున కూర్చున్నవారికి అరుదే. కానీ 2002 బోస్టన్ మారథాన్‌లో పరీక్షించిన 488 మందిలో 13 శాతం మందికి సోడియం తగ్గింది, ముగ్గురికి ప్రాణాపాయ స్థాయికి పడిపోయింది. పరుగు ముగిసేసరికి బరువు పెరిగినవాళ్లకే, అంటే పోయిన చెమట కన్నా ఎక్కువ తాగినవాళ్లకే, ముప్పు ఎక్కువని తేలింది.

కోవిల్‌పట్టి పక్కన ఇడైచెవల్‌లో తెలుగింట పుట్టిన తమిళ రచయిత కి. రాజనారాయణన్ రాసిన కరిసల్ సీమ ఇదే. ఇక్కడి తెలుగు రైతులు నల్లరేగడి చేలకు తీసుకెళ్లింది ఉప్పేసిన సజ్జ గంజి, ఉల్లిపాయ, మజ్జిగ. నీళ్లు, ఉప్పు, పిండి మూడూ అందులోనే. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఓఆర్‌ఎస్‌లో లీటరుకు 2.6 గ్రాముల ఉప్పు, 13.5 గ్రాముల గ్లూకోజు ఉండేది కూడా ఆ అవసరానికే. అలాంటి గంజిని పేదల తిండని పక్కకు నెట్టి, వట్టి నీళ్ల సీసా చేతికివ్వడం నాకు సమ్మతం కాదు. (బీపీ, కిడ్నీ జబ్బులున్నవారు ఉప్పు సంగతి డాక్టరునే అడగాలి.)

ఇంకో సంగతి. మరుగుదొడ్డి లేనిచోట పనిచేసే ఆడవాళ్లు పగలంతా నోరు కట్టుకుని, పని దిగాక దాహం కొద్దీ ఒక్కసారిగా తాగుతారు. వాళ్లకు నీళ్ల మహిమ బోధిస్తే ఏం లాభం? చేలోనైనా, అగ్గిపెట్టెల పనిలోనైనా పావుగంట, ఇరవై నిమిషాలకోసారి ఒక గ్లాసు తాగే వీలు, చెమటోడుస్తున్నా గంటకు 1.4 లీటర్లు దాటకుండా జాగ్రత్త, తినడానికి విరామం, ఉప్పు మజ్జిగ, తలుపున్న మరుగుదొడ్డి కావాలి. వీటిని అమర్చాల్సింది పని చేయించుకునేవాళ్లు.