పసిబిడ్డలకు పిండిముద్ద

ఆటయనగా పని లేనివారి కాలక్షేపమని మనలో పెక్కురు తలంతురు. పెద్దల విషయమున నీ మాట యెంతవరకు నిజమో కాని, ఆరేండ్లలోపు బిడ్డల విషయమున మాత్రము ఎంతమాత్రమును నిజము కాదు. పసిబిడ్డకు ఆటయే పని. ఆ పనిలోనే బిడ్డ లోకమును నేర్చుకొనును. ఆ పనికి తగిన పనిముట్లలో మిగుల చౌకయైనదియు, మిగుల మేలైనదియు మన వంటయింటిలోనే యున్నది. అది యొక పిండిముద్ద. దానిని బజారులో కొనక యింటనే చేసి, బిడ్డ చేతికిచ్చి, పెద్దలు కొంచెము దూరముగా కూర్చుండవలెనని నా యభిప్రాయము. ఇది చిన్న విషయమువలె తోచును గాని, మన బిడ్డలను ఎట్లు పెంచదలచితిమను పెద్ద ప్రశ్న దీనియందు ఇమిడియున్నది.

ఈ యాట మనకు క్రొత్తది కాదు. గుజ్జనగూళ్ల పేరు వినని తెలుగువారు అరుదు. ఇసుకను అన్నముగను, ఆకులను విస్తళ్లుగను, చింతగింజలను పప్పుగను భావించుకొని, లక్కపిడతలలో వండి, బొమ్మలకు పెండ్లి చేసి, వచ్చిన చుట్టములకు వడ్డించుట మన యవ్వల కాలమునుండి వచ్చుచున్న వేడుక. మగపిల్లలు చెరువుగట్టున బంకమన్ను తీసి యెద్దులను, బండ్లను చేసెడివారు. తెలంగాణపు ఉత్తరజిల్లాలలో పొలాల అమావాస్యనాడు మట్టియెద్దులను చేయుట నేటికిని కలదు. తల్లి పూరీలు వత్తుచుండగా కొంగు పట్టుకొని నిలిచిన బిడ్డకు ఉసిరికాయంత పిండి గిల్లి యిచ్చుట మన యిండ్లలో ఎల్లరును చూచినదే. ఏ చదువును లేని తల్లికిని తెలిసిన యీ యుపాయమును చదువుకొన్న మనము మరచుచున్నాము. నేడు బిడ్డ యేడ్చినచో చేతిఫోను నిత్తుము. మారాము చేసినచో బజారుబొమ్మను కొనియిత్తుము. రెంటివలనను బిడ్డ యూరకుండును గాని, బిడ్డ చేతులకు పని దొరకదు.

పాశ్చాత్యులును ఈ సత్యమును క్రమక్రమముగా గుర్తించిరి. జర్మనీదేశీయుడగు ఫ్రోబెల్ 1837 వ సంవత్సరమున బ్లాంకెన్‌బుర్గ్ అను నూర పసివారికై యొక విద్యాలయమును స్థాపించి, 1840 లో దానికి ‘కిండర్‌గార్టెన్’, అనగా పిల్లలతోట, అని పేరిడెను. ఆయన పిల్లలకు ఏర్పరచిన చేతిపనులలో మట్టితో ఆకారములు చేయుటయు నొకటి. ఇంగ్లండున బాత్ నగరమునందు చిత్రకళోపాధ్యాయుడగు విలియం హార్బట్ 1897 లో, తన విద్యార్థుల యుపయోగమునకై, త్వరగా ఎండిపోని కృత్రిమపు మన్నును కనిపెట్టెను. అదియే ప్లాస్టిసీన్.

ఇంకొక కథ మరింత వింతయైనది. అమెరికాలోని సిన్సినాటి నగరమున నొక సబ్బుల కంపెనీవారు గోడకాగితములకు పట్టిన బొగ్గుమసిని తుడుచుటకై యొక మెత్తని పిండిని 1930 తరువాతి సంవత్సరములలో చేసి యమ్ముచుండిరి. ఇండ్లలో బొగ్గుపొయ్యిలు తగ్గిన కొలదిని ఆ సరకునకు గిరాకి తగ్గెను. 1950 తరువాత శిశుపాఠశాల నడుపుచుండిన యొక ఉపాధ్యాయిని ఆ పిండిని తన పిల్లల చేతికిచ్చి చూడగా వారు మిగుల ముచ్చటపడి బొమ్మలు చేసిరి. 1956 లో ఆ మసిగుడ్డపిండియే ‘ప్లే-డో’ యను పేరుతో ఆటవస్తువై లోకమంతట ప్రాకెను. దీనివలన మనము గ్రహింపవలసినదేమన, ఆ గుణము డబ్బాలోను లేదు, పేరులోను లేదు; మెత్తని ముద్దలో నున్నది, దానిని పిల్లలకిచ్చిన గురువు చూపులో నున్నది.

ఇక, పిండిముద్ద బిడ్డకు చేయు మేలేమి? ప్లాస్టిక్ దోసె యెప్పుడును దోసెయే. పిండిముద్దయన్ననో, ఈ నిమిషమున దోసె, మరు నిమిషమున పాము, ఆ మీద తాతగారి చుట్ట, తుదకు మరల ముద్ద. అది ఏమగునో నిర్ణయించువాడు బొమ్మ చేసిన వర్తకుడు కాడు, బిడ్డయే. రష్యాదేశపు మనస్తత్త్వవేత్త విగోత్స్కీ 1933 లో చేసిన యొక యుపన్యాసమున కఱ్ఱను గుఱ్ఱముగా భావించి స్వారి చేయు బిడ్డను ఉదాహరించి, వస్తువునుండి అర్థమును వేరుచేయ నేర్చుకొనుట అట్టి యాటలోనే యారంభమగునని వివరించెను. యోచించి చూడుడు. పలకమీద గీసిన ‘అ’ యను గీత నిజముగా ధ్వని కాదు. ధ్వనికి గుర్తు మాత్రమే. పిండిముద్దను లడ్డుగా నెంచగల బిడ్డ, ఒక వస్తువు మరియొకదానికి గుర్తుగా నిలువగలదను సంగతిని అప్పటికే గ్రహించియున్నది. అక్షరమునకు తలుపు అచ్చటనే తెరచుకొనుచున్నది.

భాషయు నట్లే పెరుగును. నలుగురు పిల్లలు పిండిముద్దలతో ‘హోటలు’ పెట్టినప్పుడు చెవియొగ్గి వినుడు. “అక్కా, నీకు రెండిడ్లీలు, తమ్ముడికి ఒకటి, పచ్చడి అయిపోయింది, రేపు రండి” అని యొకరు, “ఇంత చిన్న ఇడ్లీకి పది రూపాయలా?” అని యింకొకరు. లెక్కించుట, పంచుట, బేరమాడుట, వంతు వచ్చువరకు ఓపిక పట్టుట, ఎదుటివాని కోపమును తీర్చుట — ఇన్ని పాఠములను ఒక్క గంటలో, బెత్తము లేక చెప్పగల గురువెవ్వడు?

చేతుల సంగతియు చూడవలెను. పిసుకుట, గుండ్రముగా చుట్టుట, తాడువలె పేనుట, గిల్లుట, చదును చేయుట — ఇవియన్నియు వ్రేళ్లకు బలమును, అదుపును ఇచ్చును. ఆ వ్రేళ్లే తరువాత బలపమును, కలమును పట్టవలసినవి. అట్లుండగా మూడేండ్ల బిడ్డను కూర్చుండబెట్టి, వణకు వ్రేళ్లతో అక్షరములను దిద్దించి, వంకర వచ్చినదని కసరుట న్యాయమా? పొరుగువారి పాప ఇంగ్లీషు అక్షరములన్నియు వ్రాయుచున్నదని మన పాపను తొందరపెట్టు తలిదండ్రులనేకులు. 2020 వ సంవత్సరపు జాతీయ విద్యావిధానము సైతము మూడేండ్లనుండి ఎనిమిదేండ్లవరకును గల కాలమును పునాదిదశగా నెంచి, ఆ దశయందు ఆటలద్వారా విద్య గరపవలెనని చెప్పుచున్నది. పునాది ఆరకముందే మేడ కట్టబూనుట మంచిది కాదు గదా!

పిండిముద్దను చేయు విధము మిక్కిలి సులభము. రెండు కప్పుల గోధుమపిండి లేక మైదాపిండిలో ఒక కప్పు మెత్తని ఉప్పు కలుపవలెను. అందు రెండు కప్పుల నీరు, రెండు పెద్దచెంచాల నూనె, రెండు పెద్దచెంచాల నిమ్మరసము పోసి, ఉండలు లేకుండ గరిటజారుగా కలిపి, సన్నని సెగమీద నుంచి, అడుగంటనీయక త్రిప్పుచుండవలెను. కొంతసేపటికి పిండి చిక్కబడి, గిన్నె అంచులను విడిచి ముద్దయగును. దించి, చేతికి గోరువెచ్చగా తగులునంతవరకు ఆరనిచ్చి, చక్కగా మర్దింపవలెను. రంగు కావలసినచో నీటిలో చిటికెడు పసుపో, బీటుదుంప రసమో, పాలకూర రసమో కలుపవచ్చును. పసుపు బట్టలకంటిన వదలదని తల్లులెరుగుదురు గాన పాతబట్టలు తొడుగుట మంచిది. గాలి చొరని మూతడబ్బాలో దాచినచో నీ ముద్ద పెక్కువారములు మెత్తగా నుండును. వానకాలమున ఉప్పు తేమను పీల్చి ముద్ద జిగటగా మారును. అప్పుడు కొంచెము పొడిపిండి చల్లి పిసికిన సరిపడును. బూజుగాని దుర్గంధముగాని కనబడినచో పారవేయవలెను.

పై తరగతుల విద్యార్థులు దీని కారణములను కూడ తెలిసికొనదగును. గోధుమపిండిలో నీరు పోసి మర్దించినప్పుడు గ్లూటెన్ అను సాగుడు పదార్థమేర్పడును. అందువలననే ముద్ద తెగక సాగును. వేడిమివలన పిండిపదార్థము నీటిని పీల్చి ఉబ్బి మెత్తనగును. ఉప్పు సూక్ష్మజీవులకు కావలసిన నీటిని అందనీయక, ముద్దను చెడకుండ కాపాడును. ఊరగాయను కాపాడునదియు నిదియే గదా. నూనె త్వరగా ఎండనీయదు. బియ్యపుపిండిలో గ్లూటెన్ లేదు గనుక చన్నీటితో కలిపినచో విరిగిపోవును. కుడుములకు చేసినట్లు మరుగుచున్న ఉప్పునీటిలో పిండిని పోసి కలిపి, మూతపెట్టి, వెచ్చగా నుండగనే పిసికినచో నదియు ముద్దకు వచ్చును. అది ఆనాటి యాటకు చాలును. గోధుమ పడని పిల్లలకు మేలైనది. కొలుచుట, పోయుట, ఆరిన పిండిని పిసుకుట బిడ్డచేతనే చేయించుడు. పొయ్యి దగ్గర పని మాత్రము పెద్దలదే. కొన్న డబ్బాను తెరచిన బిడ్డకు వస్తువు మాత్రమే దొరకును. ఇంట చేసినచో నదియెట్లు పుట్టినదో యను తెలివియు దొరకును.

ఇచ్చట నొక గట్టి యాక్షేపణ కలదు. “అన్నము పరబ్రహ్మస్వరూపమందురే, తినెడి పిండితో ఆటలా?” యని పెద్దలడుగుదురు. ఈ ప్రశ్నను నవ్వి త్రోసివేయుట తగదు. మెతుకు నేల రాలినచో కండ్లకద్దుకొను మర్యాద గొప్పది. అది పోవుట నాకును ఇష్టము లేదు. నా సమాధానమిది: ఆకలి గల యింట పిండి ముందుగా పొయ్యిమీదికే పోవలెను. అట్టి యిండ్ల పిల్లలకు చెరువుమన్ను కలదు. రాళ్లు, గాజుపెంకులు లేకుండ జల్లించి, నానబెట్టి, పిసికిన బంకమన్ను పిండికేమియు తీసిపోదు. అది సొమ్ము లేని సొమ్ము. కూటికి కొదువ లేని యింటనైనను పిండిని ఊరక వృథా చేయరాదు. పైన చెప్పిన కొలతకు పట్టు పిండి ఇంచుమించు పావుకిలో. అది ఇద్దరు ముగ్గురు పిల్లలకు వారములతరబడి యాట నిచ్చును. ఒక్క విందులో మనము విస్తళ్లలో వదలివేయు దానికంటె నిది యెక్కువ కాదు. పైగా, తన చేత చేసిన ముద్దను ఆట ముగియగనే యేరి డబ్బాలో దాచుకొను బిడ్డ పొదుపును నేర్చుకొనును.

రెండవ యాక్షేపణ ప్రమాదమును గూర్చినది. ఈ ముద్దలో ఉప్పు మిక్కుటము. రుచి చూచి ఉమియుటవలన హాని లేదు గాని, ఎక్కువగా మ్రింగినచో చిన్నబిడ్డకును, ఇంటి కుక్కకును కీడు కలుగును. కావున ప్రతిదానిని నోట పెట్టుకొను వయస్సు దాటువరకు దీనినీయరాదు. ఆ తరువాతను పెద్దవారెవరైనను చూచుచుండవలెను. ఆటకు ముందును తరువాతను చేతులు కడిగింపవలెను. ఇల్లు పాడగుననువారికి నేను చెప్పునది యొక్కటే: పాతచాప యొకటి పరచిన చాలును.

చూచుచుండుట యనగా దిద్దుచుండుట కాదు. ఇదియే తలిదండ్రులమును, ఉపాధ్యాయులమును మిక్కిలి జ్ఞాపకముంచుకొనవలసిన విషయము. బిడ్డ చేసిన ఏనుగునకు తొండము లేకపోవచ్చును. “ఇది ఏనుగా? ఇటు తే, నేను చేసి చూపెదను” అని మనము లాగుకొని అందమైన యేనుగును చేసితిమా, ఆ క్షణమున ఏనుగు మనదగును, బిడ్డ చేతులు ముడుచుకొని చూచునదగును. దానికి బదులు “మీ యేనుగు ఎక్కడికి పోవుచున్నది?” అని యడుగుడు. కథ వెల్లువగా వచ్చును. వడ్డించిన పిండిభోజనమును తిన్నట్లు నటించి, “పులుసు బాగున్నది, ఉప్పే కొంచెమెక్కువ” యనుడు. ఆ యాటలో మనము అతిథులము, గృహస్థు బిడ్డయే.

విద్యార్థులారా, మీ యిండ్లలో తమ్ములును చెల్లెండ్రును ఉందురు. సెలవులలో నొక మధ్యాహ్నము మీరే యీ ముద్దను చేసి వారికిండు; మీరు చదివిన శాస్త్రపాఠమునకు అది మంచి పరీక్ష. తలిదండ్రులారా, బొమ్మలకై వెచ్చించు ధనములో కొంత మిగిల్చి, దానికి బదులు దినమున కరగంట కాలము నిండు. పసితనము మరల రాదు. అక్షరములు ఒక యేడు ఆలస్యమైనను వచ్చును. లేని లడ్డును చూచి నోరూరించుకొను ఊహ మాత్రము, ఆ వయస్సున పెంపక విడిచినచో, పిదప ఏ బడియందును దొరకదు.