విత్తనంపై పేటెంటు: చట్ట సవరణ ఏ దిశగా సాగాలి?

ఆదిలాబాద్ నల్లరేగడి భూముల్లో వర్షాధార పత్తి పండించే రైతుకు పేటెంటు చట్టంతో గల సంబంధం విత్తన ప్యాకెట్ ధరలో కనిపిస్తుంది. 2002లో అనుమతి పొందిన బి.టి. పత్తి విత్తనం తొలి సంవత్సరాల్లో 450 గ్రాముల ప్యాకెట్ రూ. 1,600కు పైగా పలికింది. అందులో అధికభాగం సాంకేతికత రుసుమే. 2006లో నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గుత్తాధిపత్య వ్యాపార నియంత్రణ కమిషన్‌ను ఆశ్రయించిన తరువాత ధర రూ. 750కి దిగింది. ఆ మొదటి తరం జన్యువుకు మన దేశంలో పేటెంటు లేదు. ఒప్పందాల బలంతోనే రుసుము వసూలైంది. పేటెంటు కూడా తోడైతే రైతుపై పడగల భారాన్ని ఊహించవచ్చు.

2002 సవరణతో పేటెంటు చట్టంలో చేరిన 3(జె) నిబంధన మొక్కలకు, విత్తనాలకు, వంగడాలకు పేటెంటును నిరాకరిస్తుంది. మరి మొక్కలో ప్రవేశపెట్టిన జన్యువు మాటేమిటి? మోన్‌శాంటో, హైదరాబాదుకు చెందిన నూజివీడు సీడ్స్‌ల వివాదంలో రెండవ తరం బి.టి. పేటెంటు చెల్లదని ఢిల్లీ హైకోర్టు ధర్మాసనం 2018లో తీర్పునిచ్చింది. సుప్రీంకోర్టు 2019 జనవరిలో ఆ తీర్పును తోసిపుచ్చి, పూర్తి విచారణకు ఆదేశించింది. 2021లో ఇరుపక్షాలు రాజీపడటంతో ప్రశ్న ప్రశ్నగానే మిగిలింది.

రక్షణ ఉంటేనే పరిశోధనకు పెట్టుబడి వస్తుందన్న వాదనలో వాస్తవం లేకపోలేదు. రెండవ తరం బి.టి.ని కూడా గులాబీ రంగు పురుగు తట్టుకొంటున్నది. అనుమతి లేని, కలుపుమందును తట్టుకొనే పత్తి విత్తనం బిల్లు లేకుండా ఆదిలాబాద్ పల్లెలకు చేరుతున్నది. అది మొలవకపోతే పరిహారం కోరే మార్గం రైతుకు లేదు. కొత్త సాంకేతికత చట్టబద్ధంగా రావాలి; దానిని రూపొందించిన వారికి తగిన ప్రతిఫలమూ దక్కాలి.

కనుక సవరణ రెండు అంశాలను స్పష్టపరచాలి. మొదటిది, ప్రయోగశాలలో రూపొందిన జన్యువుపై హక్కు ఆ జన్యువును మోసే మొక్కకు, విత్తనానికి విస్తరించరాదు. రెండవది, ప్రతిఫలాన్ని 2001 నాటి మొక్కల వంగడాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టంలోని ప్రయోజనాల పంపిణీ విధానం ద్వారా నిర్ణయించాలి. బ్రాండు పేరు లేకుండా విత్తనాన్ని దాచుకొనే, పంచుకొనే, అమ్ముకొనే హక్కును రైతుకు ఇచ్చినదీ ఆ చట్టమే.

ఈ స్పష్టత పత్తికే పరిమితం కాదు. సాంబ మసూరి నుండి జన్యు సవరణతో హైదరాబాదులోని భారతీయ వరి పరిశోధన సంస్థ రూపొందించిన ‘కమల’ వరిని 2025 మే నెలలో ప్రకటించారు. జన్యు సవరణ సాధనాలపై మూల పేటెంట్లు అధికంగా విదేశీ సంస్థలవి. పొలాస పరిశోధన స్థానం అందించిన జగిత్యాల సన్నాలు రకాన్ని కరీంనగర్ రైతు దాచి మళ్ళీ విత్తుకోగలుగుతున్నట్లే, రేపటి వంగడాన్నీ విత్తుకోగలగాలి. ఆ హక్కును న్యాయస్థానాల వ్యాఖ్యానానికి వదలక, పేటెంటు చట్టంలోనే పొందుపరచడం శాసనకర్తల బాధ్యత.